మాల్యాద్రి పట్టిన మొదటి కేసు

రండి, రండి. ఇసక మెత్తగా ఉన్నచోట చూసుకుని కూర్చోండి. వల కుట్టేవాళ్ళు కుట్టుకోవచ్చు, చేతులకు అడ్డం లేదు. నోళ్ళు మాత్రం కాసేపు కట్టేయండి. ఇది కోర్టు సంగతి.

మన మాల్యాద్రి నెల్లూరు వెళ్ళి పారా లీగల్ ట్రైనింగులో చేరాడు. చేరకముందే టైలర్ చిన్నపోలయ్య దగ్గర నల్లకోటుకు కొలతలిచ్చాడు. తీరా అక్కడ మేడం చెప్పింది:

"మీరు లాయర్లు కారు. వాదించకూడదు. చట్టం తెలియనివాళ్ళకి తోడుండాలి. అర్జీలు రాసిపెట్టాలి. రాజీకి దారి చూపాలి. అంతే."

కోటు రద్దయింది. చిన్నపోలయ్య అప్పటికే కత్తిరించిన గుడ్డతో గొడుగు కుట్టి అమ్ముకున్నాడు.

అయినా మాల్యాద్రి చదివాడు. ఎంత చదివాడంటే, అతను గొంతెత్తి సెక్షన్లు వల్లిస్తుంటే ఒడ్డుకు రావలసిన అలలు సగంలో ఆగి, తమ మీద ఏం కేసు పడిందోనని వెనక్కి మళ్ళేవి. పులుసులో ఉప్పెక్కువైతే భార్య రోజాతో నోటితో చెప్పేవాడు కాదు, అర్జీ పెట్టుకునేవాడు.

"సముద్రాన్ని ఎదురుగా పెట్టుకోని బజార్లో చేపలు కొనుక్కునే కొంప మనదొక్కటేనయ్యా," అనేది రోజా.

చివరికి గుర్తింపు కార్డు చేతికొచ్చింది. మెడలో వేసుకుని అరుగు మీద కూర్చున్నాడు. ఎవరూ రాలేదు. ఒక పిల్లి వచ్చింది గానీ దానికి తగాదాలేమీ లేవు. మాల్యాద్రికి దడ మొదలైంది. ఎందుకంటే మేడం ముందే చెప్పింది, మొదటి కేసు శుభ్రంగా రాజీ చేయిస్తే తోటపల్లి గూడూరు న్యాయ సహాయ కేంద్రంలో కుర్చీ, లేకపోతే కార్డు వెనక్కి అని.

అప్పుడొచ్చింది ఎండుచేపల నాగులమ్మ.

మన ఒడ్డున చేపలు ఆరబెట్టుకునే ఇసక ఎవరిది వాళ్ళకుంటుంది. అత్త నుంచి కోడలికి వస్తుంది. కాగితం ఉండదు, అయినా ఎవరూ దాటరు. మొన్న తుపానుకు పడవలన్నీ పైకి లాగినప్పుడు ఒక పడవను తెచ్చి నాగులమ్మ జాగాలో పడేశారు. తుపాను పోయింది. పడవ పోలేదు.

"నెత్తళ్ళ చేపలు ఆరబోసుకునేదానికి జానెడు చోటు లేదబ్బయా. ఎండుచేప అమ్మకపోతే పిలకాయలకి ఏం పెట్టేది? ఆ పడవోడికి చెప్పి చెప్పి నా నోరు ఎండింది గానీ చేప ఎండలా. ఊళ్ళో కార్డుండేది నీకొక్కడికే. అందుకే నీ దగ్గరికే వచ్చినా," అని అతని వంక అదోలా చూసింది.

మాల్యాద్రి మెడలో కార్డును చొక్కాలోకి తోసేయబోయాడు. కానీ మేడం చెప్పిన పాఠం గుర్తొచ్చింది. వచ్చిన మనిషిని తిప్పి పంపకూడదు. తనా పరా చూడకూడదు.

"వాడి సంగతి నాకు తెలుసులే అక్కా. ఒట్టి సోంబేరి. ఎప్పుడడిగినా రేపంటాడు. ఆ పడవలో పీతలు కాపురం పెట్టి మనవళ్ళని కూడా ఎత్తుకున్నాయి. మాటతో కదిలే రకం కాదు వాడు. నోటీసు పడాల్సిందే."

"నువ్వే అంటుండావు," అంది నాగులమ్మ.

లోపల్నుంచి రోజా అరిచింది. "ఏందయ్యా, లోకంలో ఇంకే కేసూ దొరకలేదా నీకు? ఇది పట్టుకున్నావంటే ఈ పూట అన్నం లేదు!"

"న్యాయానికి ఆకలుండదు మే!" అన్నాడు మాల్యాద్రి. న్యాయానికి ఉండదేమో గానీ, అతనికి మాత్రం ఆ పూట బాగా ఆకలేసింది.

ఆ కడుపుమంటతోనే అర్జీ రాశాడు. ఎదుటిపార్టీ బద్ధకానికి ఒక పేరా, మొండితనానికి ఒక పేరా, గురకకు ఇంకో పేరా.

"గురకకీ పడవకీ ఏందబ్బయా సంబంధం?"

"ఉండనీ అక్కా. కేసు బలంగా ఉంటది."

పై ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. దాన్ని ఎదుటిపార్టీకి అందించాల్సింది మాల్యాద్రే. తీసుకోనని మొండికేస్తాడేమోనని బెంగపడ్డాడు. తీసుకున్నాడు. జతచేసిన అర్జీ చదివి, భలే రాశారని మెచ్చుకున్నాడు కూడా.

తుపాను షెల్టర్లో రాజీ సదస్సు పెట్టారు. ఊరంతా వచ్చింది. మేడం కాగితాలు విప్పింది.

"ఎదుటిపార్టీ వచ్చాడా?"

"వచ్చినాడు మేడం."

"ఏమంటాడు?"

"తప్పు ఒప్పుకున్నాడు మేడం. నేను నిలదీస్తే తలెత్తలేకపోయినాడు. ఈ పొద్దే పడవ తీసేస్తాడు."

మేడం కాగితం చూసింది. మాల్యాద్రిని చూసింది. మళ్ళీ కాగితం చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అందరి చేతా సంతకాలు చేయించింది.

"సోమవారం నుంచి తోటపల్లి గూడూరు వచ్చి కూర్చో," అంది.

చప్పట్లకు షెల్టరు కప్పు మీది కాకులు శ్రీహరికోట దాకా ఎగిరిపోయాయి. జనమంతా తాళ్ళేసి పడవను లాగారు. పీతలు మూటాముల్లె సర్దుకుని దిగిపోయాయి. పడవను తీసుకెళ్ళి ముళ్ళకంపల అవతల పడేసి వచ్చేసరికి నాగులమ్మ నెత్తళ్ళు పరిచేసింది కూడా.

మాల్యాద్రి ఒక పక్కన నిలబడి కళ్ళు తుడుచుకుంటున్నాడు. ముసలి మునెయ్య వచ్చి అతని భుజం తట్టాడు.

"దిగులుపడబాక మాల్యాద్రీ, పడవ నీదే గదా, పై కోర్టుకు పో, మన మాల్యాద్రినే పెట్టుకో, వాడు పట్టిన కేసు ఇంతవరకు ఓడింది లేదు!"