జగ్గమ్మ ఇచ్చిన ఎముక

“నా తుంటి కోసీండి బాబూ, దాని ఒంటి జోలికెళ్లకండి” అంది జగ్గమ్మ.

డాక్టరు జానకిరామయ్య ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుగులోకి ఎత్తి పట్టుకున్నాడు. మంచం మీదున్న నీలవేణి నడుములో రెండు వెన్నుపూసల్ని క్షయ తినేసింది. ఆ సందులో ఎముక ముక్కలు పేర్చి, రెండు పూసల్నీ ఒకటిగా అతికించకపోతే ఆమె ఇక లేచి నిలబడలేదు. ఆ ముక్కలు ఎవరి ఒంట్లోంచి తీయాలన్నదే ఇప్పుడు పేచీ.

“తొందరపడకు జగ్గమ్మా. ఎవరి ఎముక వాళ్లకే బాగా అతుక్కుంటుంది. మామూలుగా నేను అదే పెడతాను.”

“మరి దానిదే తీస్తే ఏటవుతాది?”

“తుంటి దగ్గర ఇంకో కోత. మరింత నెత్తురు పోతుంది. ఎనిమిది నెలల జ్వరంతో మనిషి పుల్లలా అయింది. ఆ ఎముకలోనూ బలం లేదు. రెండు గాయాలు తట్టుకుంటుందని నాకు నమ్మకం లేదు.”

“అయితే ఇంకేటి ఆలోసన? నాది తీసీండి.”

“నీది పెడితే తనకి ఒక్క గాయంతో సరిపోతుంది. కానీ ఇంకొకరి ఎముక నిదానంగా అతుకుతుంది. ఒక్కోసారి ఒళ్లు దాన్ని ఒప్పుకోదు, కరిగిపోతుంది. అప్పుడు నువ్వు పడ్డ బాధంతా వృథా. ఆ బాధ తక్కువదీ కాదు, నెలల తరబడి కుంటుతావు.”

“నౌపడ ఉప్పుమళ్లలో గంపలు మోసిన ఒళ్లు బాబూ ఇది. కుంటితే కుంటుతాను.”

నీలవేణి మంచంలోంచే చెయ్యి చాచి జగ్గమ్మ చెంగు పట్టుకుంది. “వద్దప్పా. నీకేటైనా అయితే ఇల్లెవలు సూస్తారు? కోత్తే నన్నే కోయమను.”

“నోర్ముయ్యే. గంజి తాగమంటే తాగవు గానీ నాకు సెప్తన్నావు.”

డాక్టరు ఇద్దరి నెత్తురూ పరీక్ష చేయించాడు. ఒకటే గ్రూపు. “అప్పా అని పిలుస్తోందిగా, అక్కాచెల్లెళ్ల నెత్తురు, కలిసిందిలే” అన్నాడు.

“ఎప్పుడు కోత్తారు?” అని అడిగింది జగ్గమ్మ.

సోమవారం ఉదయం ఇద్దరినీ ఒకే గదిలో, పక్కపక్క బల్లల మీద పడుకోబెట్టారు. జగ్గమ్మ తుంటిలోంచి తీసిన ఎముకను ముక్కలు చేసి నీలవేణి నడుములో పేర్చాడు డాక్టరు. నాలుగు గంటలు పట్టింది.

మూడోరోజు ఆయన వార్డులోకి వచ్చేసరికి జగ్గమ్మ గోడ పట్టుకుని నడుస్తోంది. అడుగడుక్కీ పెదవి కొరుక్కుంటోంది. పిండికట్టులో కదలకుండా పడుకున్న నీలవేణి దగ్గరికి చేరి, గ్లాసు అందుకుని, గంజి పట్టింది.

“నిన్నెవరు లేవమన్నారు?” అని కసిరాడాయన.

“నర్సమ్మ పడితే ఇది తాగదు బాబూ.”

ఆ సాయంత్రం డాక్టరు ఇంట్లో భార్యకు జగ్గమ్మ సంగతే చెప్పాడు.

అయిదు నెలలకు తీసిన ఎక్స్‌రేలో రెండు పూసలూ ఒకటై కనిపించాయి. డాక్టరు ఆ ఫిల్మును రెండుసార్లు చూసుకున్నాడు. పిండికట్టు విప్పించి, నడుముకి పట్టీ కట్టించి, నీలవేణిని నిలబెట్టించాడు. ఆమె కాళ్లు వణికాయి. జగ్గమ్మ భుజం ఆసరాగా ఒక్కో అడుగే వేస్తూ గుమ్మం దాకా నడిచింది. నీలవేణి తిన్నగా నడుస్తోంది గానీ, పక్కన జగ్గమ్మ ఇంకా కుంటుతూనే ఉంది.

డాక్టరు వాళ్లకి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

“జగ్గమ్మా, ఒక సీసా నెత్తురివ్వమంటేనే తోడబుట్టినవాళ్లు మొహం చాటేయడం చూశాను. నీలాంటి అక్కని మాత్రం చూడలేదు. ఇలాంటి ఇద్దరు కూతుళ్లని కన్న మీ అమ్మ ధన్యురాలు.”

జగ్గమ్మ నీలవేణి పమిట సర్దింది.

“మా యమ్మకి నానొక్కదాన్నే బాబూ. ఇది నా సవితి.”