నాలుగో స్టెప్పు

"లాగకు అన్నా! చినుగుతది!"

మహేందర్ చటుక్కున చేయి వెనక్కి తీసుకున్నాడు. ఫోటో అద్దానికి కరుచుకుని ఉంది. ఎర్ర తలపాగా, తెల్ల మీసాల పెద్దాయన. తేమ పట్టి ముఖం సగం అద్దానికి అతుక్కుపోయింది.

తూంకుంటలో మహేందర్ ఫ్రేముల కొట్టు పెట్టి ఆరేళ్లయింది. ఇలాంటివి వస్తే దండం పెట్టి పంపించేస్తాడు. కానీ ఈ ఫోటో తెచ్చినామె కదిలితే కదా! పేరు కమలాబాయి అట. పన్నెండింటికి తండ్రి సంవత్సరీకం. ఇంట్లో ఉన్నది ఈ ఒక్క ఫోటోనే.

"ఫోన్ల తీసి కొత్త ప్రింటు ఏసిస్త అక్కా."

"వద్దన్నా. ఎనుక మా నాయిన చేతిరాత ఉన్నది. గిదే గావాలె." కళ్లు తుడుచుకుని ఫోన్ తీసింది. "మా తమ్ముడు ఏందో లింకు పంపిండు. ఫ్రేములు గట్టెటోళ్ల పద్ధతులంట. నాకేం సమజ్ గాలే. నీకు పంపుత, నువ్వు సూడరాదు?"

చూశాడు. నిపుణుల సూచనలు, తెలుగులోనే, ముచ్చటగా ఉన్నాయి. మొదటి స్టెప్పు: వెనక అట్ట తీసేయండి. రెండోది: అద్దంతో సహా చల్లటి నీళ్ల ట్రేలో ముంచండి. మూడోది: పదిహేను నిమిషాలు ఉంచండి, దాటితే రంగు కరిగిపోతుంది.

ఉచితమే కదా అని చకచకా చేసేశాడు. పది నిమిషాలయ్యాక నాలుగో స్టెప్పు నొక్కాడు.

'సభ్యులకు మాత్రమే. ఏడాదికి పదిహేను వందలు.'

ముందే చెప్పి చావొచ్చు కదా అని ఆ రాసినవాణ్ణి తిట్టుకున్నాడు. గబగబా వీడియోలు తిరగేశాడు. ఒకడు వేడిగాలి కొట్టమంటాడు, ఇంకొకడు బ్లేడు దూర్చమంటాడు. నీళ్లలో వేసేసిన ఫోటో సంగతి ఒక్కడూ చెప్పడు.

"అయితదా అన్నా?" స్టూలు మీద కూర్చున్న కమలాబాయి ట్రేలోకి తొంగిచూసింది.

"అయితది అక్కా, పరేషాన్ గాకు."

అన్నాడే గానీ కళ్లు ట్రే మీదే. తలపాగా అంచున నీళ్లు సన్నగా ఎర్రబడుతున్నాయి. ఒక ఆడబిడ్డ తండ్రి కళ్లముందు కరిగిపోతుంటే ఇంకా లెక్కలేమిటి? డబ్బు కట్టేశాడు. ఫోన్ మీద చక్రం తిరుగుతూనే ఉంది. పన్నెండు నిమిషాలు. పదమూడు. పద్నాలుగు. టిక్కు పడింది.

'వేలు పెట్టకండి. నీళ్లలోనే అద్దాన్ని బోర్లించండి. ఫోటో తన బరువుకు తానే దిగుతుంది.'

బోర్లించాడు. ఒక మూల ఊడింది. తర్వాత మీసం, నుదురు. పెద్దాయన మెల్లగా ట్రే అడుగుకు దిగాడు. ముఖం చెక్కుచెదరలేదు.

కమలాబాయి భోరుమంది. మహేందర్‌కూ కళ్లు చెమర్చాయి. ఫ్యాను కింద ఆరబెట్టి, కొత్త ఫ్రేము కట్టిచ్చి, కూలి కూడా వద్దన్నాడు.

"సల్లగుండన్నా" అని ఆమె కరీంనగర్ రోడ్డు మీద ఆటో ఎక్కింది.

మూడింటికి ఫోన్ మోగింది. శామీర్‌పేటలో ఫ్రేముల కొట్టు నడిపే వీరయ్య.

"మహేందర్, జల్దీ చెప్పు! అద్దానికి అతుక్కున్న ఫోటో నీళ్లల్ల ఏసిన. తెచ్చినామె పంపిన లింకుల నాలుగో స్టెప్పుకు పైసలడుగుతుండ్రు. ఇగ ఎట్ల దియ్యాలె? వాట్సాప్ల పెట్టిన, సూడు."

మహేందర్ వాట్సాప్ తెరిచాడు.

వీరయ్య ట్రేలో, పొద్దున తను ప్రాణం పెట్టి విడదీసిన ఎర్ర తలపాగా పెద్దాయనే అద్దానికి కరుచుకుని ఉన్నాడు.