ఎవరి జోలికీ పోని దేశం

"ఇందులో యుద్ధం ఏదమ్మా?" అన్నాడు దర్శకుడు అచ్యుతరామయ్య, స్క్రిప్టు అటూ ఇటూ తిరగేసి.

ఫిల్మ్‌నగర్‌లో గీతికకిది మొదటి స్క్రిప్టు. మధ్యాహ్నంలోగా ఆయన చేత ఊఁ అనిపించుకోకపోతే ఉద్యోగం ఊడినట్టే.

ఆమె రాసింది సముద్రం మధ్యనున్న ఒక చిన్న దేశం గురించి. పచ్చిక, ఆవులు, నవ్వుతూ పాలు పితికే జనం. అంతే.

"అది తటస్థ దేశమండీ. రెండొందల ఏళ్లుగా ఎవరి జోలికీ పోలేదు."

"అంటే రెండొందల ఏళ్ల కోపం లోపల దాచుకుందన్నమాట," అంటూ ఆయన కళ్లు మూసుకున్నాడు. వరసగా నాలుగు హిట్లిచ్చిన మనిషి. ఆయన కళ్లు మూశాడంటే ఎక్కడో ఒకచోట సుమోలు గాల్లోకి లేస్తాయి.

లేవనే లేచాయి. కథలో సముద్రానికి అవతల రెండు పెద్ద దేశాలు కొట్టుకోవడం మొదలుపెట్టాయి. మనకెందుకండీ అని గీతిక అడ్డుపడింది. మనం యుద్ధానికి పోవడం లేదుగా, ఒకరికి పాలమ్ముకుంటున్నాం, వ్యాపారం తప్పా అన్నాడాయన. తప్పు కాదని ఒప్పుకుంది పిచ్చిది. మరుక్షణం రెండోవాళ్లు ఆ పాల ఓడను ముంచేశారు.

అయినా గీతిక పట్టు విడవలేదు. నిరసనగా ఒక ఉత్తరం రాయించి ఊరుకుందామంది. ఆయన కాస్త మెత్తబడ్డాడు కూడా. సరిగ్గా అప్పుడే అసిస్టెంటు క్రాంతికుమార్‌కు నోరు దురద పుట్టింది.

"ఓడల ఒక ఆవు గూడ ఉన్నది సార్."

అచ్యుతరామయ్య చటుక్కున కళ్లు తెరిచాడు.

"ఆవును ముంచినంక గూడ సప్పుడు జెయ్యకుంటే, జనం థియేటర్ల కుర్చీలు ఇరగ్గొడతరు," అన్నాడు క్రాంతికుమార్ మళ్లీ.

ఇక తటస్థత ఎక్కడిది? గీతికకే రక్తం ఉడికిపోయింది. పెన్ను తీసుకుని తనే రాసింది. పార్లమెంటులో అధ్యక్షుడు తొడగొట్టాడు. పాలు పితికిన చేతులే ఫిరంగులు పట్టాయి. అవతలి తీరం భగ్గుమంది. ఆమె చదివి వినిపిస్తుంటే అచ్యుతరామయ్య కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు.

"ఓకే చేస్తున్నానమ్మా," అన్నాడు.

ఉద్యోగం నిలిచింది. గీతికకు ఏడుపొచ్చేంత సంతోషమేసింది.

అంతలో ఆ దేశపు రాయబారి లోపలికొచ్చి, విహారయాత్రకు మా దేశం రండంటూ తాము తీయమన్న ముప్పై సెకన్ల ప్రకటన ఎంతవరకు వచ్చిందని అడిగాడు.