ఒక్క ఇటుక తేడా

బాగాయంలో సినిమా డైరెక్టరు యోగానంద్ పక్కింటి దేవకి, వాకిట్లో నిలబడి వచ్చేపోయే వాళ్ళందరికీ చెప్పిందట: “మన యోగానంద్ తీసిన చరిత్ర సినిమా చూసినారా? వందేళ్ళ కిందటి ఇంటి గోడకి ప్లాస్టిక్ పైపు ఉండాది!”

ఆ మాట తిరిగి తిరిగి నిర్మాత బాలాజి చెవిన పడింది. ఈసారి ఒక్క తప్పు దొర్లినా ఇదే నీ ఆఖరి సినిమా అని డైరెక్టరుకు తేల్చి చెప్పేశాడు.

కొత్త సినిమా గుడియాత్తం చేనేత వీరుడు సుబ్బరాయులు కథ. తెల్లవాళ్ళ పోలీసులకు చిక్కకుండా ఆయన జనాన్ని దాచిన ఇల్లు ఇంకా నిలిచే ఉంది. వారసులు చెన్నైలో ఉన్నారు. కొనేవాడు దొరికితే చాలనుకుంటున్నారు. కానీ ఆ ఇల్లున్న ఇరుకు సందులో కెమెరా బండి దూరదు. తలెత్తితే అన్నీ కరెంటు తీగలే.

యోగానంద్ ఆ ఇంటిని మూలమూలా ఫొటోలు తీసుకున్నాడు. కే.వి.కుప్పం దగ్గర బీడు పొలంలో సెట్టు కట్టే పని పాపన్ మేస్త్రీకి అప్పగించాడు.

“అట్టలూ థర్మోకోలూ వద్దు మేస్త్రీ. పాత ఇటుక, పాత దూలం, పాత తలుపు. అచ్చం ఇట్నే ఉండాల.”

పాపన్ నెత్తి గోక్కున్నాడు. “అంత పాతదే కావల్లంటే...”

“యాడ తెస్తావో నాకు చెప్పొద్దు. తెచ్చేయ్ అంతే.”

“ఆమా నాయనా. మీ ఇష్టం.”

సెట్టు చూసిన రోజు యోగానంద్‌ గోడలన్నీ తడిమాడు. ఫొటో పక్కన పెట్టి చూసుకున్నాడు. దీపం గూట్లో మసి అదే. గడప మధ్యన అరుగుదల అదే. ఆఖరికి దూలానికి పట్టిన చెద కూడా!

“ఏం పనితనం మేస్త్రీ! దేవకక్కని భూతద్దం తెచ్చుకోని ఎతుక్కోమను!”

“మనదేముండాది నాయనా,” అన్నాడు పాపన్, తలగుడ్డ సర్దుకుంటూ. “అంతా ఆ కాలపోళ్ళ చేతిపని.”

షూటింగ్ ముగిసే రోజు యోగానంద్‌కు ఇంకో ఆలోచన తట్టింది. సినిమా చివర అసలు ఇంటిని కూడా చూపించాలి. సెట్టూ అదీ పక్కపక్కన. ఒక్క ఇటుక తేడా లేదని చూసి లోకం నోరు మూసుకోవాలి. చేతి కెమెరా చాలు, సందులోకి నడిచే పోవచ్చు.

బాలాజి సంబరపడి వేలూరు నుంచి కారేసుకుని వచ్చేశాడు. కెమెరా వాళ్ళు వ్యాను ఎక్కారు.

“నువ్వూ రా మేస్త్రీ,” పిలిచాడు యోగానంద్. “గుడియాత్తం పోయి అసలిల్లు షూట్ చేసుకోని వద్దాం.”

పాపన్ కదల్లేదు.

“యాడికి పోయేది నాయనా? ఆ ఇల్లు పీకి తెచ్చే కదా మీకు ఇది కట్టింది!”