ఆల్వెస్టర్ ఉన్న ఒకే ఒక్క రికార్డు

మా కాన్సస్ సిటీని శాక్సఫోన్‌తో గంతులేయించిన ఆల్వెస్టర్‌ది ఒక్కటే రికార్డు. దాని కాపీ కూడా వాడికి నలభై ఏళ్ల తర్వాత, పాత సామాన్ల కొట్లో దొరికింది. వాడి బ్యాండులో డ్రమ్మరుని నేనే; అది అమ్ముడైన రోజుల్లో, అందులోని డ్రమ్ము దెబ్బలకే నాకు ఇంత పేరొచ్చింది. పేరు కూడా ఒక జబ్బేననుకోండి, ఆ సంగతి వదిలేద్దాం.

వాళ్లావిడ ఒడెస్సా గ్రామఫోన్ సూది పెట్టి, చెవి ఒగ్గి కూర్చుంది. పాట అయిపోయింది.

"ఏమయ్యా, నీ ఊదుడేదీ? పెళ్లైన కాడి నుంచీ ఒకటే కోతలు!"

ఆల్వెస్టర్ మొహం వాడిపోయింది. "నా వంతు రాకముందే పాటని చెక్కే మైనం పళ్లెం నిండిపోయినట్టుందే. ఉత్తినే ఊదాను కాబోలు."

"అంటే ఇందులో నువ్వే లేవు!"

వాడి అవస్థ చూడలేకపోయాను. "మళ్లీ పెట్టు వదినా. ఆ దబదబ విను."

"అది నీ డ్రమ్మేగా, ఊరంతా పొగిడేది?"

"నా మోతకి పాట చెక్కే సూది ఎగిరిపోతోందని రికార్డింగు రోజు నన్ను గదిలోంచి గెంటేశారు. పాట అయ్యేదాకా మెట్ల మీద కూర్చుని మాంసం తిన్నాను. ఆ దబదబ వీడి బూటు! వంతు కోసం ఎదురుచూస్తూ నేల తొక్కుతున్నాడు!"

ఒడెస్సా మళ్లీ పాట పెట్టి, చెప్పులు విసిరేసి ఎగిరి గంతేసింది.

"ఓరి నాయనో, ఏం తొక్కావయ్యా! ఊదుడు లేకపోవడమే మంచిదైంది!"