ఎడమది పాతది, కుడిది కొత్తది

“ఎర్రవి ఏవో చూపించవయ్యా,” అంటూ రంగుల కొట్టు యజమాని ప్రోగ్రామర్ పక్కకు కుర్చీ లాక్కున్నాడు.

పుట్టినప్పటి నుంచీ ప్రోగ్రామర్‌కు ఎరుపూ ఆకుపచ్చా ఒక్కలాగే కనిపిస్తాయి. ఆ సంగతి దాచి ఈ కొట్లో మెషీన్ ప్రోగ్రాము చూసే పనికి కుదిరాడు. తన లాప్‌టాప్‌లో భార్య ఆ రెండింటికి బదులు నీలం, పసుపు పెట్టి ఇచ్చింది కాబట్టి బండి నడుస్తోంది. ఇవాళ యజమాని కొట్టు కంప్యూటర్‌లోనే చూపించమని పట్టుబట్టాడు.

కారణం ఉంది. రంగులు కలిపే మెషీన్ లేత ఆకుపచ్చకు బదులు ఇటుక రంగు పోసింది. యజమానే మూత తీసి చూసి, బాగుందని అప్పగించాడు. కొట్లో రద్దీ అలాంటిది. దాన్ని కొనుక్కెళ్లిన పెయింటింగ్ కాంట్రాక్టరు డబ్బా వెనక్కి తెచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

ప్రోగ్రాము మారినప్పుడల్లా గిట్ అనే సాఫ్ట్‌వేర్ పాత ప్రతిని దాచి ఉంచుతుంది. దానికి తగిలించిన టూల్ రెండు ప్రతులనూ పక్కపక్కన పెట్టి, తీసేసిన వరుసను ఎరుపులో, చేర్చినదాన్ని ఆకుపచ్చలో చూపిస్తుంది.

“రంగుల తేడా తెలియనివాణ్ణి పెట్టుకుంటే మునిగేది నేను,” అన్నాడు యజమాని. “ఊఁ, ఎర్రది ఏది?”

పరీక్షే! తప్పితే ఉద్యోగం ఊడుతుంది. ప్రోగ్రామర్ రంగు సంగతి వదిలేసి ఏది ఏ పక్కనుందో చూసుకున్నాడు.

“ఎడమవైపుదండీ. పాత వరుస.”

“ఖాయమేనా?”

“ఖాయమండీ.”

“ఆకుపచ్చది?”

“కుడివైపుది. రంగుల కంపెనీ పంపిన కొత్త పాళ్లు. అందులో లేత ఆకుపచ్చ, ఇటుక రంగు తారుమారయ్యాయి.”

“అయితే పాతదే పెట్టెయ్. వాళ్ల సంగతి నేను చూస్తాను.”

పాత వరుస వెనక్కి వచ్చింది. మెషీన్ మళ్లీ కలిపింది. మూత తీయగానే కాంట్రాక్టరు, “ఇదీ నేనడిగింది! పొద్దున ఎవరి కళ్లు పెట్టుకుని చూశారండీ?” అని నవ్వుతూ డబ్బా పట్టుకుపోయాడు.

ప్రోగ్రామర్‌కు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. ఆ ధీమాతో, “ఈ రంగులు కళ్లకు గుచ్చుతున్నాయి. మార్చనా అండీ?” అన్నాడు.

“నీ ఇష్టం.”

ఎడమవైపు నీలం, కుడివైపు పసుపు వచ్చాయి. యజమాని కళ్లజోడు సర్దుకుని తెర మీదికి వంగాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. కొట్లో ఇంకెవరూ లేరని చూసుకుని, ప్రోగ్రామర్ భుజం మీద చెయ్యి వేశాడు.

“అమ్మయ్య, ఇప్పుడు నాకూ తేడా కనిపిస్తోందోయ్.”