కర్రెమ్మ గుడి

"కూచో యేసన్నా. తిరగలి పాటల మీదనే కదా నువ్వు డాక్టరేట్ చేసింది? ఓడెక్కేలోపల నాకొక సంగతి చెప్పాల" అంటూ బయ్యన్న లండన్ ఉత్తరం విప్పాడు.

ఇద్దరూ ఒకే కాలేజీలో తెలుగు లెక్చరర్లు. విదేశీ ఫెలోషిప్పుకు ఇద్దరూ దరఖాస్తు పెడితే బయ్యన్నకు వచ్చింది. యేసన్న దరఖాస్తు అసలు చేరనే లేదట. అయినా అభినందించడానికి వచ్చాడు.

"కర్రెమ్మ అనే వానదేవత గుడి యాడుండాదని అడగతాండారప్పా."

యేసన్న చేతిలో కాఫీ గ్లాసు ఆగిపోయింది.

కణేకల్ హనుమక్క తిరగలి విసురుతూ "కర్రెమ్మ తల్లీ, కడవ నింపవే" అని పాడితే, వానదేవత అనుకుని దరఖాస్తులో రాసింది తనే. పోస్టు చెయ్యమని కవరు బయ్యన్నకిచ్చిన వారానికి, హనుమక్క పడీపడీ నవ్వి అసలు సంగతి చెప్పింది. ఆ సిగ్గు యేసన్న ఎవరికీ చెప్పుకోలేదు.

"ఆ పేరు నీకు యాడ దొరికింది?"

"పల్లెల్లో తిరిగి నేనే విన్నా."

బయ్యన్న కూడా తనలాగే పొరబడ్డాడేమో. అదే నిజమైతే బాగుండునని యేసన్నకు అనిపించింది.

"కర్రెమ్మకు గుడి లేదు బయ్యన్నా, కొట్టముండాది. అది హనుమక్క ఎనుము. కడవ నిండా పాలిస్తాంది."

బయ్యన్న మొహం పాలిపోయింది.

"మరి నువ్వు దేవతని రాస్తివే!"

యేసన్న గ్లాసు కింద పెట్టాడు.

"నేను కవరు అంటించి ఇచ్చినా కదన్నా."